సొంత డప్పు

ఒక ప్రాంతం కన్న అతి గొప్ప రాక్ బ్యాండ్ ఏదో తేల్చాలంటే మూడు అర్హతలు ఉండాలి. జీవితంలో ఎన్నడూ ఊళ్లోని కుర్రాళ్ల బ్యాండ్‌కు టికెట్ కొని ఉండకూడదు. ఇంట్లో ఎవరైనా గిటారు పట్టుకుంటే లాక్కుని అటక మీదికి ఎక్కించి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, గొంతు పెద్దదై ఉండాలి. ఈ మూడూ నిండుగా ఉన్నవాళ్లు సూరత్‌లో, అందులోనూ లింబాయత్, ఉధనా వైపున ఉన్న మా తెలుగువాళ్లలో, గల్లీకి పదిమంది దొరుకుతారు. దేశానికి చీరలు పంపే ఊరు మాది. తీర్పులు కూడా ఇక్కణ్నుంచే టోకున పంపగలం.

ఈ గొడవ అహ్మదాబాద్ నుంచి దిగుమతి అయింది. 2025 జనవరి 25, 26 తేదీల్లో అక్కడి నరేంద్ర మోదీ స్టేడియంలో కోల్డ్‌ప్లే బ్యాండ్ వాళ్లు వాయించి వెళ్లారు. రోజుకు లక్షమందికి పైగా జనం. ముంబయి నుంచి రైల్వే ప్రత్యేక రైళ్లు వేసింది. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ సేఠ్‌ల పిల్లలు కూడా వెళ్లి, నిర్వాహకులు ఇచ్చిన మెరుపు పట్టీలు మణికట్టుకు కట్టుకుని, చేతులు ఊపి, ఫోన్లు నింపుకుని వచ్చారు. వస్తూ వస్తూ ఒక ప్రశ్న కూడా తెచ్చారు: "ఇలాంటి బ్యాండ్ మనకెందుకు లేదు?"

పిల్లలు అడిగారంటే పెద్దలు జవాబు చెప్పాలి కదా. "ఎందుకు లేదు" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. "లేదని ఎవడన్నాడు" అని దబాయించడం సులువు. పెద్దలు సులువైన దారే పట్టారు. అప్పటినుంచి ఆదివారం సాయంత్రం చాయ్ దగ్గర నలుగురు చేరితే ఇదే పంచాయితీ.

మొదట గుజరాతీ సేఠ్ వాదన వినండి. ఆయన కుండబద్దలు కొట్టేశాడు: "క్వీన్ మాదే." ఎలా అంటే, ఆ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. పార్సీ కుటుంబం. బుల్సారా అంటే బుల్సార్ వాళ్లు. బుల్సార్ అంటే నేటి వల్సాడ్. సూరత్ స్టేషన్‌లో రైలెక్కితే గంటలో దిగొచ్చు. కాబట్టి ప్రపంచంలోకెల్లా గొప్ప రాక్ బ్యాండ్ దక్షిణ గుజరాత్‌ది. సభ ముగిసింది, చాయ్ పోయండి.

కాస్త ఆగండి సేఠ్. ఆ పిల్లవాడు 1946 సెప్టెంబర్ 5న పుట్టింది జాంజిబార్‌లో. చదివింది మహారాష్ట్రలోని పంచగనిలో. 1964లో ఇంటిల్లిపాదీ చేరింది ఇంగ్లండ్‌కు. 1970లో బ్యాండ్ కట్టింది లండన్‌లో. ఈ మొత్తం వ్యవహారంలో వల్సాడ్ పెట్టిన పెట్టుబడి ఇంటిపేరు ఒక్కటే. ఈ లెక్కన చూస్తే తెలుగువాళ్ల పంట పండినట్టే. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ల పేర్లే. గుంటూరు ఇంటిపేరున్నవాడు అమెరికాలో ఏం కనిపెట్టినా ఖ్యాతి నేరుగా మిర్చి యార్డుకు జమ చేసుకోవచ్చు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ ఫ్రెడ్డీ 1991 నవంబర్ 24న చనిపోయాడు. బతికున్నన్నాళ్లూ ఈ సేఠ్‌కు ఆయన ఎవరో తెలియదు. 2018లో ఆయన మీద సినిమా వచ్చాక, అదీ పిల్లలు చూపించాక, ఒక్కసారిగా చుట్టరికం గుర్తొచ్చింది. ఇంకో చిన్న సందేహం. అదే కుర్రాడు జాంజిబార్‌లో కాక మన వీధిలోనే పుట్టి, అదే బిగుతు ప్యాంటు వేసుకుని, అదే మీసం పెంచి, అవే కేకలతో పాడి ఉంటే ఏం చేసేవాళ్లం? మొదట పూజారి దగ్గరికి, తర్వాత డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, చివరికి చీరల దుకాణంలో గల్లా మీద కూర్చోబెట్టేవాళ్లం. ఆయనకు ఏ లోటూ ఉండేది కాదు. ఏటా కొత్త స్టాకు, వేళకు ఉంధియు కూర, చాందీ పడ్వా పండక్కి ఘారీ మిఠాయి. ప్రపంచానికి మాత్రం క్వీన్ ఉండేది కాదు. సూరత్‌లో భోజనం, కాశీలో మరణం అంటారు ఇక్కడివాళ్లు. మధ్యలో పాట అన్న మాట ఆ సామెతలో ఎక్కడా లేదు.

మా తెలుగు తల్లిదండ్రులకు కూడా క్వీన్ నచ్చడానికి వేరే కారణం ఉంది. గిటారు వాయించే బ్రయాన్ మే ఖగోళ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తూ మధ్యలో వదిలేసి, బ్యాండ్ పని చూసుకుని, తీరిగ్గా 2007లో పూర్తిచేశాడు. బేస్ వాయించే జాన్ డీకన్ ఎలక్ట్రానిక్స్ డిగ్రీ. డ్రమ్స్ కొట్టే రోజర్ టేలర్ దంతవైద్యంలో చేరి, అది మాని జీవశాస్త్రంలో పట్టా తీసుకున్నాడు. ఈ వివరాలు చెబుతుంటే పక్కనే ఉన్న ఒకాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇది బ్యాండ్ కాదండీ, ఎంసెట్ ర్యాంకర్ల గది" అన్నాడు. ఆ బ్రయాన్ మే గిటారు దుకాణంలో కొన్నది కాదని, పాత పొయ్యిగూటి చెక్క తెచ్చి తండ్రీ కొడుకులిద్దరూ ఇంట్లో కూర్చుని చేసుకున్నదని చెబితే మాత్రం ఆయన కళ్లు చప్పున ఆరిపోయాయి. కొడుకుతో కలిసి తండ్రి గిటారు చేయడమా? మరి ట్యూషన్ ఎవడు వెళ్తాడు?

ఇంతసేపూ నోరు మెదపకుండా విన్నాడు మా కాకా. సిరిసిల్ల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చి, కిరాయి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, కూలి నేసి, ఇప్పుడు సొంత సాంచాలు పెట్టుకున్న ఆసామి. చాయ్ గ్లాసు కింద పెట్టి, "గుజరాతోళ్లకు క్వీన్ ఉంటె ఉండనీ బిడ్డా. బీటిల్స్ మనోళ్లే" అన్నాడు.

చాయ్ బండి నిశ్శబ్దమైపోయింది. కాకా చెప్పింది వింటే అబద్ధం కాదు. బీటిల్స్ తొలినాళ్ల డ్రమ్మర్ పీట్ బెస్ట్ పుట్టింది మద్రాసులో, 1941 నవంబర్ 24న. అప్పటికి ఆంధ్ర జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబర్ 1న. "మద్రాసు మనదే" అని గొంతులు పగిలేలా అరిచినవాళ్లం. మద్రాసు మనదైతే మద్రాసులో పుట్టిన పీట్ బెస్ట్ మనవాడు. పీట్ బెస్ట్ మనవాడైతే బీటిల్స్ మనది. న్యాయశాస్త్రం ఇంతకన్నా తిన్నగా నడవదు.

కానీ తెలుగువాళ్లం కదా, ఒక గొప్పతనం చేతికొచ్చిందంటే దాన్ని ముక్కలు చేసుకోందే నిద్రపట్టదు. విజయవాడ నుంచి వచ్చి రంగుల వ్యాపారం చేసుకునే ఒకాయన లేచాడు. "ఏం కాకా, 1941లో మీ సిరిసిల్ల నిజాంలో కదండీ ఉంది? మద్రాసుతో మీకేం పని? బీటిల్స్ మాది." కాకా ఊరుకుంటాడా? "మద్రాసు మీకు దక్కిందా? దక్కనిదానికి వాటా ఎట్ల అడుగుతవ్?" అన్నాడు. చాయ్ చల్లారేలోపు రాజీ కుదిరింది: 2014 రాష్ట్ర విభజన చట్టంలో హైదరాబాద్ విషయంలో రాసుకున్నట్టు, బీటిల్స్‌ను పదేళ్లపాటు ఉమ్మడి బ్యాండ్‌గా ఉంచాలి, ఆ తర్వాత ఆస్తుల పంపకం. సంతకాలు అయ్యేదాకా తమిళులకు ఈ సంగతి పొక్కకూడదు.

ఈ ఆనందంలో ఒక చిన్న వివరం ఎవరికీ పట్టలేదు. మనవాణ్ణి 1962 ఆగస్టులో బ్యాండ్‌లోంచి తీసేశారు. రింగో స్టార్‌ను పెట్టుకున్నారు. ఈఎంఐ కంపెనీ ద్వారా వాళ్ల తొలి రికార్డు అక్టోబర్‌లో వచ్చింది. అంటే మనవాడు గడప దాటిన రెండు నెలలకు వాళ్ల దశ తిరిగింది. దీన్ని మామూలు జాతి ఓటమిగా తీసుకుంటుంది. మనం "కుట్ర" అంటాం. లివర్‌పూల్‌లో నిరాహార దీక్షకు ఎవరు కూర్చోవాలన్న చర్చ వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.

ఈలోపు సూరత్ ఎన్ఐటీలో చదివే ఒక తెలుగు కుర్రాడు నోరు తెరిచి తప్పు చేశాడు. నిజంగా ఉన్న బ్యాండ్ల పేర్లు చెప్పాడు. కోల్‌కతాలో 1970ల్లోనే గౌతమ్ చటోపాధ్యాయ బృందం 'మొహీనేర్ ఘోడాగులి' బెంగాలీలో రాక్ పాడిందన్నాడు. షిల్లాంగ్‌లో లౌ మాజా అనే గాయకుడు 1972 నుంచి ఏటా మే 24న బాబ్ డిలన్ పుట్టినరోజు జరుపుతున్నాడన్నాడు. డిలన్ ఎన్నడూ రాకపోయినా పండగ ఆగలేదట. కేరళలో మదర్‌జేన్, అవియల్, తైక్కుడం బ్రిడ్జ్ ఉన్నాయన్నాడు. ఢిల్లీలో 1990 నుంచి ఇండియన్ ఓషన్ ఉందన్నాడు. "అక్కడివాళ్లు ఏది గొప్పదని కొట్టుకుంటారంటే అర్థముంది, వాళ్ల దగ్గర బ్యాండ్లున్నాయి" అని ముగించాడు.

గుజరాత్‌లోనూ ఉందని మళ్లీ అందుకున్నాడు. వడోదరలో మేఘధనుష్ అని కుర్రాళ్లు గుజరాతీలోనే రాక్ పాడతారు. సేఠ్ ముఖం చూడాలి. లండన్ బ్యాండ్ మీద గుత్తాధిపత్యం అడిగిన మనిషికి వడోదర బ్యాండ్ పేరు తెలియదు. ఆ కుర్రాళ్లు చేసిన పాపమల్లా ఒకటే, బతికి ఉండడం. బతికున్న బ్యాండ్‌ను సొంతం చేసుకోవాలంటే డబ్బివ్వాలి. చనిపోయినవాడైతే ఇంటిపేరు చాలు.

తెలుగులో లేవా మరి? హైదరాబాద్‌లో చౌరస్తా బ్యాండ్ కుర్రాళ్లు మన యాసలో, మన మాటల్లో పాటలు కట్టుకుని వచ్చారు. వాళ్లను మనం ఎప్పుడు గుర్తించాం? అందులో పాడిన రామ్ మిరియాల 2021లో 'జాతిరత్నాలు' సినిమాకు 'చిట్టి' పాట పాడాక, 2022లో 'డీజే టిల్లు' పాటతో ఊరూవాడా ఊగాక. అప్పుడు "ఓహో, ముందు బ్యాండ్‌లో ఉండేవాడట" అన్నాం, ముందు జైల్లో ఉండేవాడట అన్నంత జాలిగా. తెలుగునాట బ్యాండ్ గొప్పతనానికి కొలత ఒకటే: అందులోని గాయకుడు ఎంత త్వరగా దాన్ని వదిలి సినిమాల్లోకి వెళ్లాడన్నది.

సినిమా మాట రాగానే విజయవాడ ఆయనకు మళ్లీ ఊపొచ్చింది. "2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చింది. ఇంకా బ్యాండ్లెందుకండీ?" అన్నాడు. కీరవాణిగారికి, చంద్రబోస్‌గారికి వచ్చిన బహుమతిలో ఎవరికీ వాటా లేదని అనను, ఎలాగూ అందరూ తీసేసుకున్నారు. కాకపోతే ఆ మాట వింటే ఒకటి అర్థమవుతుంది. తెలుగువాడి దృష్టిలో పాటకు తెర కావాలి, హీరో కావాలి, హీరో పక్కన యాభైమంది కావాలి. నలుగురు కుర్రాళ్లు తమ మాటలు తామే రాసుకుని, తామే వాయించుకుని, తామే పాడితే అది పాటలా వినబడదు, నిరుద్యోగంలా కనబడుతుంది.

కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఆవేశంగా అందుకున్నాడు. "గవన్నీ కాదే. మన రాక్ బ్యాండ్ జననాట్య మండలి. 1972ల మొదలైంది. గద్దరన్న గొంగడి, కాళ్లకు గజ్జెలు, పక్కన డప్పు. ఏ కరెంటూ లేకుండ వేలమందిని నిలబెట్టిండ్రు." మొత్తం చర్చలో నాకు తలాడించాలనిపించిన మాట ఇదొక్కటే. తిరుగుబాటు, దేహబలం, తాళం, జనం. రాక్ అని ప్రపంచం దేన్నంటుందో అవన్నీ అందులో ఉన్నాయి. కానీ 2023 ఆగస్టు 6న గద్దర్ పోయాక మనం ఏం చేశాం? తెలంగాణ ప్రభుత్వం ఆయన పేరు మీద గొప్ప అవార్డులు పెట్టింది. వేటికి? సినిమాలకు. డప్పు పట్టుకుని ఊరూరూ తిరిగే బృందం ఏదైనా ఆ అవార్డు అందుకోవాలంటే ముందు ఒక నిర్మాతను వెతుక్కోవాలి.

సరే, వాదనలు చాలు. ఇక ఈ న్యాయమూర్తుల ఇళ్లల్లోకి తొంగిచూద్దాం.

మా గల్లీలో ఒక కుర్రాడున్నాడు. మున్సిపల్ కార్పొరేషన్ నడిపే తెలుగు మాధ్యమం బళ్లో చదువుకున్నాడు. తండ్రి సాంచాలు నడుపుతాడు, తల్లి కండెలు పట్టేది. వీడికి డ్రమ్స్ పిచ్చి. డ్రమ్స్ కొనే స్తోమత లేక, నూలు వచ్చే ఖాళీ అట్టపెట్టెలు రెండు, రంగు డబ్బా ఒకటి, పగిలిన స్టీలు మూత ఒకటి పేర్చుకుని సాంచాల షెడ్డు మేడమీద వాయిస్తాడు. ఒకసారి దగ్గర కూర్చుని చూశాను. కింద షెడ్డులో ఒక్కో సాంచా నిమిషానికి నూటికి పైగా పోగులు వేస్తోంది. నేల అదురుతోంది, మూత దానంతటదే గలగలమంటోంది. ఏ రెండు సాంచాలూ ఒక తాళంలో ఉండవు. ఒకటి ముందుంటుంది, ఇంకొకటి వెనకబడుతుంది, కాసేపటికి రెండూ కలుస్తాయి, మళ్లీ విడిపోతాయి. ఈ కుర్రాడు కళ్లు మూసుకుని, ఎడమచేత్తో ఒక సాంచాను, కుడిచేత్తో రెండో సాంచాను పట్టుకుని, కాలితో తన సొంత దరువు వేస్తున్నాడు. తాళం నేర్పే మాస్టారుకు ఫీజు కట్టలేని పిల్లాడికి నలభై సాంచాలు పగలూ రాత్రీ పాఠం చెబుతున్నాయి. ఆ దరువు విన్నాక నేను మాట మర్చిపోయాను. మర్చిపోకున్నా ఆ చప్పుడులో ఎవరికీ వినబడేది కాదు.

పదిహేను రోజులకు ఫిర్యాదు వచ్చింది. "శబ్దం భరించలేకపోతున్నాం" అని. తొంభై డెసిబెళ్లు దాటే షెడ్డు మీద కూర్చుని వాయించిన అట్టపెట్టె వల్ల గల్లీ చెవులు చిల్లులు పడ్డాయట!

చప్పుడు గురించి చట్టం చెప్పేది ఏమిటో చూద్దాం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం జనావాసాల్లో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 దాటకూడదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు పెట్టకూడదు. పండగల కోసం ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలించవచ్చు. కాగితం మీద అంతే. గల్లీలో గణపతి వస్తాడు, డీజే వస్తుంది. నవరాత్రి వస్తుంది, స్పీకర్ల గోడ లేస్తుంది. బతుకమ్మకు డీజే. పెళ్లికి డీజే. కార్పొరేటర్ గెలిస్తే డీజే, ఓడితే గెలిచినవాడి డీజే. కిటికీ అద్దాలు వణుకుతుంటే "ఏం ఊపుంది" అనేవాళ్లు, కుర్రాడి రంగు డబ్బా దగ్గరికొచ్చేసరికి కాలుష్య నియంత్రణ మండలి అయిపోతారు. దీన్నిబట్టి చూస్తే గల్లీకి చప్పుడు మీద కోపమేమీ లేదు. ఊరేగింపు లేని చప్పుడు మీదే కోపం. వెనక దేవుడో, పెళ్లికొడుకో, నాయకుడో లేకుండా ఒక కుర్రాడు తన కోసం తాను వాయించుకోవడమేంటన్నదే బాధ. ఆడలేక మద్దెల ఓడు అన్నది పాత సామెత. ఇక్కడ ఆడగలిగినవాడికి మద్దెలే లేదు, ఉన్నదాన్ని కూడా ఓటిది అంటున్నారు.

ఫిర్యాదు చేసినవాళ్లలో మొదటి సంతకం ఎవరిదనుకున్నారు? బీటిల్స్ మనోళ్లే అన్న కాకాదే.

"యంత్రాల చప్పుడు మధ్య సంగీతం ఎలా పుడుతుందండీ" అని ఒక పెద్దమనిషి తేల్చేశాడు. అయ్యా, అక్కడే పుట్టింది. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ కార్ఖానాల ఊరు. అక్కడ టోనీ అయోమీ అనే కుర్రాడు రేకుల కార్ఖానాలో పనిచేసేవాడు. పదిహేడేళ్ల వయసులో, అక్కడ పని మానేసే చివరి రోజున, యంత్రం కింద పడి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. గిటారు తీగల మీద ఆనించే చేతి వేళ్లే. ఇక వాయించలేనని కూలబడితే, కార్ఖానా మేనేజరే ఒక రికార్డు వినిపించి, రెండు వేళ్లతో వాయించిన జాంగో రైన్‌హార్ట్ గురించి చెప్పాడు. కుర్రాడు ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. తర్వాత్తర్వాత నొప్పి తగ్గడానికి తీగలు వదులు చేశాడు. వదులు తీగల్లోంచి వచ్చిన ఆ బరువైన నాదమే, 1968లో పుట్టిన బ్లాక్ సబ్బాత్ బ్యాండ్‌కు గుర్తింపు అయింది. హెవీ మెటల్‌కు పునాది అదేనంటారు. ఆ ఊరు 2019లో ఒక వంతెనకు ఆ బ్యాండ్ పేరు పెట్టుకుంది.

సూరత్‌కు వంతెనల నగరమని పేరు. పేరు పెట్టడానికి వంతెనల కొరత లేదు. సాంచాల కొరత లేదు. చెప్పాలంటే, తెగే వేళ్లకూ కొరత లేదు. లేనిదల్లా తెగిన వేలు చూసి రికార్డు వినిపించే మేనేజర్. మన దగ్గర వేలు తెగితే "జాగర్త ఉండాలె కదరా" అంటారు, రేపటి షిఫ్టుకు ఇంకొకణ్ణి పిలుస్తారు. పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చినవాడి చెవిలో రాత్రంతా సాంచా నడుస్తూనే ఉంటుంది. భార్య మెల్లగా మాట్లాడితే వినబడదు, గట్టిగా మాట్లాడితే పోట్లాట. షెడ్డులో పెదవుల కదలిక చూసి మాట అర్థం చేసుకోవడం మనవాళ్లకు అలవాటే. లాంకషైర్ మిల్లుల్లో ఆడవాళ్లూ ఒకప్పుడు అలాగే మాట్లాడుకునేవాళ్లు. ఆ లాంకషైర్ మిల్లుల నడుమ పెరిగిన మాంచెస్టర్ తర్వాత ఎన్ని బ్యాండ్లను కన్నదో లెక్కపెట్టడం కష్టం. అక్కడ మిల్లులు మూతపడ్డాక ఖాళీ గోదాములు కుర్రాళ్లకు చవగ్గా దొరికాయి. మన దగ్గర గోదాము ఖాళీ అయితే ఇంకో గోదాముకే కిరాయికి పోతుంది.

గుజరాత్‌లో ఇంకో చిక్కు ఉంది. 1960లో రాష్ట్రం పుట్టిన నాటి నుంచీ మద్యనిషేధం. బెంగళూరు, ముంబయి, హైదరాబాద్‌లలో వారానికో రాత్రి కుర్రాళ్ల బ్యాండ్‌కు డబ్బిచ్చేది పబ్‌లే. వచ్చినవాడు బీరు తాగుతాడు, బీరు లాభంలోంచి గిటారుకు తీగలొస్తాయి. ఇక్కడ పబ్ లేదు. నేనేమీ మందు కావాలని అడగడం లేదు. దానికి దమణ్ ఉంది, శనివారం దారి పొడవునా ఎవరెవరి కార్లుంటాయో అందరికీ తెలుసు. నేనడిగేది ఇంతే. సారా అమ్ముకునేవాడు బెంగళూరులో సంగీతానికి పెట్టినపాటి సొమ్ము, సారా ముట్టని పుణ్యాత్ములు సూరత్‌లో ఎందుకు పెట్టరు? ఈ ఊరికి డబ్బు లేదా? నవరాత్రికి తొమ్మిది రోజుల పాస్ కొంటుంది. కోల్డ్‌ప్లే కోసం అహ్మదాబాద్ వెళ్లి హోటల్ గదికి అడిగినంతా ఇస్తుంది. కుర్రాళ్లు వాయించుకోవడానికి ఒక గది అడిగితే మాత్రం మార్కెట్ మందంగా ఉందంటుంది.

అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

ఇప్పుడు కాకాకు ఒక మాట. కాకా, పీట్ బెస్ట్ మద్రాసులో పుట్టాడు, నిజమే. కానీ నువ్వు పట్టుకోవలసింది కొడుకును కాదు, తల్లిని. ఆమె పేరు మోనా బెస్ట్, ఢిల్లీలో పుట్టింది. 1945లో పిల్లలతో ఓడెక్కి లివర్‌పూల్ చేరింది. 1959 ఆగస్టులో తమ ఇంటి నేలమాళిగను ఖాళీ చేయించి, కుర్రాళ్లు వాయించుకోవడానికి కాస్బా అనే కాఫీ క్లబ్ తెరిచింది. గోడలకు రంగులు వేయడానికి వచ్చినవాళ్లలో జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ ఉన్నారు. మొదటి రాత్రి వాయించిందీ వాళ్లే, అప్పటికి బీటిల్స్ అన్న పేరు కూడా లేదు. ఇరుగుపొరుగు ఉండే వీధిలో, తన సొంత ఇంటి కింద, ఊరు పేరు లేని కుర్రాళ్ల చేత డప్పులు కొట్టించింది ఆమె. మీ పెద్దలంతా వాటా అడుగుతున్నది పుట్టిన చోటులో. ఆ బ్యాండ్‌కు పనికొచ్చింది నేలమాళిగ. మీ షెడ్డు కింద ఒక గది ఖాళీగా ఉంది కదా కాకా, పాత బీములు పడేసి ఉన్నది?

కాబట్టి ఈ సభ ముందు నా తీర్మానం పెడుతున్నాను. ఇకమీదట అతి గొప్ప బ్యాండ్ ఏదని నోరు తెరవదలచినవాళ్లు, ముందు ఏదైనా ఒక స్థానిక బ్యాండ్‌కు కొన్న టికెట్ ముక్క చూపాలి. అది లేనివాళ్లు, వారానికి రెండు సాయంత్రాలు పిల్లల వాయింపుకు ఇచ్చే గది తాళంచెవి చూపాలి. కుల సంఘాలకు పెళ్లి హాళ్లున్నాయి, ముహూర్తాలు లేని నెలల్లో అవి బూజు పట్టి ఉంటాయి, ఆ తాళాలైనా చెల్లుతాయి. ఈ రెండూ లేనివాళ్లు చాయ్ తాగవచ్చు, వార్తలు చదవవచ్చు, మార్కెట్ మీద ఏడవవచ్చు. బ్యాండ్ల మీద మాత్రం తీర్పు చెప్పకూడదు. అంతవరకు క్వీన్‌ను లండన్‌కు, బీటిల్స్‌ను లివర్‌పూల్‌కు గౌరవంగా తిప్పిపంపాలి. రంగు డబ్బా కుర్రాడి మీద ఇచ్చిన ఫిర్యాదును వెనక్కి తీసుకోవాలి.

సభ కాసేపు ఆలోచించింది. కాకా గొంతు సవరించుకున్నాడు. "మాట మంచిగనే ఉంది బిడ్డా. గది సూద్దాం. గాని దానికి కరెంటు బిల్లు ఎవడు కడ్తడు?"

"అది తర్వాత చూద్దాం కాకా" అన్నాడు సేఠ్. "ముందు బోర్డు మీద పేరు తేలాలి. ఫ్రెడ్డీ మెర్క్యురీ హాల్ అని పెట్టాలి."

"ఎట్ల పెడ్తవ్? పీట్ బెస్ట్ హాల్!"

"గద్దరన్న పేరు లేకుంటె ఊకుంటమా?"

గది ఇంకా ఇవ్వలేదు. బోర్డుకు చందాలు మాత్రం ఆ సాయంత్రమే మొదలయ్యాయి.